చేతులెత్తిన దళం

మణెమ్మకు మనుషుల మొహాలు గుర్తుండవు, చేతులే గుర్తుంటాయి. ఎవరు ఎదురుపడినా బాగున్నావా అని అడగదు. "ఏదీ, చేతులు సూపియ్యి" అంటుంది. దండం పెట్టబోయినవాడికీ అదే, అన్నం మోసుకొచ్చినవాడికీ అదే. మిషన్ దవాఖానలో నర్సు పని వదిలి, దొరల మీద తిరగబడ్డ సంఘంలో కలిసిన ఆ మహాతల్లి, మానుకోట అడవిలో దళం పిల్లలకు గాయాలకు కట్టు కట్టడం నేర్పుతోంది.

కట్టు పేరే గాని నేర్పేదంతా కడగడమే. దళానికి ఉన్న ఒక్క కుండలో గుడ్డపీలికలు మరుగుతుంటే వండుకునే దిక్కులేక అందరూ కడుపులు పట్టుకుని కూర్చునేవారు. పిల్లలు కుంకుడురసంతో మోచేతుల దాకా తోముకుని, చేతులు పైకెత్తి ఆరబెట్టుకోవాలి. కొంగుకు తుడుచుకుంటే కథ మళ్లీ మొదటికి వస్తుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ కొంగుకే తుడుచుకున్న నీలి అనే పిల్ల చేతులు నానీ నానీ నానబెట్టిన శనగల్లా తయారయ్యాయి.

అయినా నీలి ఓర్చుకుంది. దొర గడీలో వెట్టి తప్పించుకుని వచ్చిన పిల్ల, ఇక్కడ పనికిరావంటే మళ్లీ ఆ గడీయే గతి. రేపు పరీక్ష అనగా కట్టెలు కొడుతుంటే గొడ్డలి జారి ఆమె అరచేయి తెగింది. మణెమ్మ చూస్తే వెళ్లగొడుతుందని హడలిపోయి, గోరింటాకు నూరి రెండు చేతులకూ పట్టించింది. అంత ఎర్రగా పండిన చేతిలో గాటెవరికి కనబడుతుందని తన తెలివికి తానే మురిసిపోయింది.

తెల్లారింది. దళంలోని హన్మంత్ కాలికి చీముపట్టిన పుండు, దానికి కట్టు కట్టడమే పరీక్ష. పిల్లలంతా చేతులు కడిగి, పైకెత్తి వరసగా నిలబడ్డారు. సరిగ్గా అప్పుడే దళనాయకుడు యాదగిరి బాటమలుపు తిరిగాడు. ఎత్తిన చేతులు చూశాడు. రజాకార్లు చుట్టుముట్టారనుకుని పక్కనున్న రేగుపొదలోకి ఒక్క దూకు దూకాడు. ముళ్లు దిగి లబోదిబోమన్నాడు. పిల్లలంతా అటు పరుగెత్తారు, ఎత్తిన చేతులు ఎత్తినట్టే. చేతులు దించండని ఆయన మొత్తుకున్నా ఒక్కరూ దించలేదు. దించితే మళ్లీ కడగాలి మరి!

ఆ గోలలోనూ మణెమ్మ చూపు గోరింటాకు మీదే ఉంది. నీలి అరచేతిని బొటనవేలితో నొక్కింది. చురుక్కుమనేసరికి నీలి చేయి లాక్కుని బావురుమంది.

"అక్కా, నన్ను పంపియ్యకు. గడీల సచ్చిపోత."

"ఎవలు పంపుతరే నిన్ను? ఈ గాటుతోని ఆ చీము ముట్టుకుంటె నీ చెయ్యి గూడ కుళ్లదా? నేను రోజూ సూసేది మట్టి ఒక్కటే కాదు బిడ్డా. మీకు ఏడ తెగిందో అని సూస్త."

అంతవరకూ ఎవరికీ ఇవ్వకుండా దాచిన మెత్తని గుడ్డ తీసి, ముందు నీలి చేతికే కట్టింది. గాయం మానేదాకా పుండ్ల జోలికి పోవద్దంది. అందాకా అందరి చేతులూ చూసే పని నీలిదేనని అందరి ముందూ చెప్పింది. నీలికి సంతోషంతో కాలు నేలమీద నిలవలేదు.

ఇంతలో యాదగిరి ఒళ్లంతా ముళ్లతో కుంటుకుంటూ వచ్చి, జర ఈ ముళ్లు తియ్యమని మణెమ్మను బతిమాలాడు. నీలి ఆమెకు అడ్డంగా వచ్చి నిలబడింది.

"అన్నా, ముందుగాల చేతులు సూపియ్యి."

రజాకార్ల తుపాకులకు ఏనాడూ ఎత్తని చేతులు యాదగిరి రెండూ ఎత్తాడు.