జీడిబస్తా ఉండగా ఇంకొకడెందుకు

మా చిన్నతనంలో కాశీబుగ్గ బస్టాండు వెనక వీధిలో ఒక వీడియో గేముల షాపు ఉండేది... ఒక గది, రెండు టీవీలు, కాలు విరిగిన ఒక బల్ల. సెలవుల్లో మా ప్రజాజీవితం యావత్తూ అక్కడే నడిచేది.

అందులో ఒక ఫైటింగ్ ఆట... తెర మీద యోధుల పేర్లు ఏదో పరాయి భాషలో ఉండడం వల్ల, నామకరణ బాధ్యతను మేమే స్వీకరించాం. నిప్పులు విసిరేవాడు "కొలిమి". గెంతి తన్నే అమ్మాయి "మిడత". తలపాగా చుట్టుకుని, అడుగు తీసి అడుగు వేయడానికి బద్ధకించే స్థూలకాయుడు... "జీడిబస్తా". జీడిపప్పుకు పేరుపడ్డ మా పలాస-కాశీబుగ్గలో అంతకన్నా గౌరవప్రదమైన బిరుదు మాకు తోచలేదు.

జీడిబస్తా నా మనిషి.

వాడికి గెంతడం రాదు. పరుగు రాదు. దూరం నుంచి విసరడానికి చేతిలో ఏమీ లేదు. కానీ ఎదుటివాడి నడుం ఒక్కసారి దొరికిందా... ఎత్తి కుదేసేవాడు. ఆ చప్పుడుకి వీధిలో పోయేవాళ్లు సైతం గుమ్మం దగ్గర ఆగేవారు.

మా అత్త కొడుకు సింహాచలం బావ విధానం వేరు. నాకంటే పెద్దవాడు, ఆ ఆటలో ఉన్నవాళ్లందరినీ ఆడించడం వచ్చినవాడు. మనం ఎవరిని తీస్తే, వాడికి విరుగుడు ఎవరో చూసి తీసేవాడు.

"ఎన్నాళ్లురా ఆ బస్తాని మోత్తావు? కలాసీవేటి నువ్వు? ఇంకో నలుగుర్ని నేర్సుకో," అనేవాడు.

సదరు ప్రతిపాదనను పరిశీలించి తిరస్కరించడమైనది.

నేను వరసగా గెలుస్తూ ఉండేసరికి షాపులో అసంతృప్తి ప్రబలింది. యజమాని ధర్మారావు మావ అందరి మొరలూ విని ఒక నియమం ప్రకటించాడు... ఒకసారి గెలిపించిన మనిషిని ఆ పూట మళ్లీ ఎంచుకోరాదు. నియమం అందరికీ వర్తిస్తుందన్నాడు. అది ఒకే ఒక్క పౌరుణ్ణి ఉద్దేశించి చేసిన చట్టమని అందరికీ తెలుసు.

ఆ దసరా సెలవుల్లో టెక్కలి షాపువాళ్లు పోటీకి పిలిచారు. మా షాపు తరఫున ఒక్కరే వెళ్లాలి. చివరికి మిగిలింది నేనూ, బావా. మూడాటల్లో రెండు గెలిచినవాడికి టెక్కలి. రెండు గెలవాలంటే ఇద్దరు మనుషులు కావాలి... నాకున్నది ఒక్కడు.

మొదటి ఆట జీడిబస్తా గెలిచాడు. రెండో ఆటకు నేను వాడి బొమ్మ మీదే ఇంకో బటన్ నొక్కాను. ఎర్ర తలపాగా పోయి నీలం తలపాగా వచ్చింది.

"ఇదేటి?" అన్నాడు బావ.

"ఈడు తమ్ముడు," అన్నాను.

"తమ్ముడేటిరా... గుడ్డ మార్సినాడంతే. సూడు మావా, ఆడే ఈడు."

"కవలలు బావా. నువ్వెప్పుడూ కవలల్ని సూడలేదేటి?"

ఈ వాదన మరీ నిరాధారమైనది కాదు. రంగు మారితే మనిషీ వేరేనని ఆ షాపులో సగంమంది అప్పటికే నమ్ముతున్నారు. కానీ ధర్మారావు మావ టీవీకి ముక్కు ఆనించి నీలం తలపాగావాణ్ణి చాలాసేపు పరీక్షించాడు.

"మీసం ఒకటే. బొజ్జ ఒకటే. సెల్లదు. ఎనక్కి కొట్టి ఇంకోడిని తియ్యి."

ఎంపిక తెర మళ్లీ వచ్చింది. పైన అంకెలు తగ్గుతున్నాయి... గుర్తు ఇంకా జీడిబస్తా మీదే ఉంది.

నేను కంట్రోలర్ను బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకున్నాను.

"బేగి తియ్రా," అన్నాడు బావ.

"నాను తియ్యను."

గడువులోగా ఎవరినీ తీయకపోతే, గుర్తు ఎవరి మీద ఉంటే వాడినే బరిలోకి దింపడం ఆ యంత్రం పద్ధతి. అంకెలు అయిపోయాయి. ఎర్ర తలపాగాతో జీడిబస్తా నింపాదిగా నడిచి వచ్చాడు.

బావ లేచి నిలబడ్డాడు. "ఇది అన్నేయం మావా."

"ఆడిని తియ్యకూడదన్నావు మావా. నాను తియ్యలేదు. మిషను తీసింది," అన్నాను.

మావ కాసేపు మిషను కేసి, కాసేపు నా చేతుల కేసి చూశాడు. "మిషన్ని నానేటి అడగ్గలను... ఆడండి."

ఆడాం. గెలిచాం.

టెక్కలిలో మొదటి ఆటకే ఓడిపోయాం. బహువచనం పొరపాటున పడలేదు. అక్కడి కుర్రాడు కొలిమిని తీసి, దూరంగా నిలబడి నిప్పులు విసురుతూనే ఉన్నాడు. జీడిబస్తా ఆ మంటల్లోంచి నడుస్తూనే ఉన్నాడు... నడుం దాకా మాత్రం చేరలేకపోయాడు. మిడత అయితే గెంతి చేరేది. ఆ సంగతి నాకు అప్పుడూ తెలుసు.

తిరుగు బస్సులో బావ ఆ మాటే అన్నాడు. "మిడత వొచ్చుంటే గెలిసీవోడివి."

"అవును."

"మరి నేర్సుకోవేటి?"

"నీకు అందరూ వొచ్చు కదా బావా... ఆళ్లల్లో నీ మనిషెవుడు?"

 నందిగాం దాటాక బావ వేరుసెనక్కాయల పొట్లం విప్పి, "తింటావేటి," అని నా ఒళ్లో పెట్టాడు.

కనీసం ముగ్గురినైనా నేర్చుకోవాలనీ, ఒకడు పనికిరాని చోట ఇంకొకడు ఆదుకుంటాడనీ నేటి నిపుణులు వీడియోల్లో బోధిస్తున్నారు. ఆ వాదనలో నాకు దోషమేమీ కనబడలేదు. అంగీకరించడం లేదు, అంతే. నా మనిషి ఎక్కడ ఓడతాడో నాకంటే బాగా తెలిసినవాడు లేడు. తెలిసే కూర్చున్నాను.

ఇప్పుడు ఆట ఫోనులోకి వచ్చేసింది. రాత్రికి రాత్రే కంపెనీవారు ఒక యోధుడి బలం తగ్గిస్తారు... తెల్లారేసరికి వాణ్ణి ఆడించేవాడు ఒక్కడూ మిగలడు. ఎదుటివాడి ముఖం తెలియదు. ఓడితే కనెక్షన్ తెంపుకుని పోతాడు... తగువు పెట్టుకునేంత పరిచయం కూడా మిగల్చడు.

నష్టమని తెలిసీ ఒక్కడినే పట్టుకుని కూర్చున్నవారు మీలో ఎవరైనా ఉంటే, ఆ మనిషి గురించి కింద రాయవలసిందిగా మనవి...

సలహాలు స్వీకరించబడవు.