నిమ్మచెట్టు పూసింది ఎవరి వల్ల?

మగ్గం మీద నిలువు పోగులకు, అంటే పడుగుకు, పెట్టగా మిగిలిన గంజినీళ్లన్నీ మేము పెరట్లోని నిమ్మచెట్టుకే పోస్తాం. చెట్టు గుబురుగా పెరిగింది గానీ ఇన్నేళ్లలో ఒక్క పువ్వూ పూయలేదు. ఈసారీ పూయకపోతే కొట్టేసి, ఆ చోట రెండో మగ్గం వేద్దామన్నాడు మా కొడుకు.

పొన్నైలో సేద్యం చేసే నా బామ్మర్ది పోయిన నెల వచ్చి చూశాడు. "బావా, దీనికి కష్టమంటే తెలీదు. నీళ్లు ఆపు. చస్తాననే భయం పుడితే అదే పూస్తాది" అన్నాడు. ఆపేశాను. ఆకులు వాడి రాలాయి.

ఈ రోజు పొద్దున చూస్తే కొమ్మకొమ్మకూ మొగ్గలు! మా ఆవిడను పిలిచి చూపించాను.

"చూసినావా, ఎండబెట్టినందుకు ఎట్ల పూసిందో!"

"యాడ ఎండబెట్టినావు? నువ్వు మగ్గంలో ఉండంగా, పావమని నేనే వారంగా నీళ్లు పోస్తా ఉండా."

బామ్మర్దికి ఫోన్ చేస్తే పగలబడి నవ్వాడు. "మేమూ అంతే బావా. బాగా వాడినాకనే నీళ్లు కడతాము. అక్క సరైన టైముకే పోసింది."

కొడుకు మగ్గానికి వేరే చోటు చూస్తానన్నాడు. చెట్టు బతికింది.

ఇంతకీ పూత నా వల్లా, ఆవిడ వల్లా? మీరే చెప్పండి. ఆవిడకు తెలుగు చదవడం రాదు. మీ జవాబులు నేనే చదివి వినిపించాలి.