రేటు పెరిగేదాకా

వీధిలో అందరూ అతన్ని డాలరు అనేవారు. అసలు పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. పొద్దున్నే షట్టరు ఎత్తకముందు ఫోను తీసి ఇవాళ డాలరు ఎంత పలుకుతోందో చూసుకోవడం, ఆ తర్వాతే ఎదురు కొట్లో టీ చెప్పడం అతని అలవాటు.

"ఏం డాలరూ, ఇవాళ లేచావా, పడ్డావా?" అని అడిగేవాడు టీ కొట్టాయన.

"లేచాను."

"అయితే మేం పడ్డట్టే. ఇంకో రెండు బిస్కెట్లు తిను, నీకేం."

అతని పని పాత గిటార్లు. ఇళ్ళు ఖాళీ చేసేవాళ్ళ దగ్గరా, మూతపడ్డ హోటళ్ళలోనూ, వాయించే ఓపిక పోయినవాళ్ళ దగ్గరా వాటిని పోగుచేస్తాడు. చిన్న అద్దమూ బల్బూ గిటారు పొట్టలోకి దించి, లోపలి పుల్లలేమైనా ఊడాయేమో చూస్తాడు. ఊడినచోట జిగురు పెట్టి బిగిస్తాడు. కిటికీ వెలుగులో నిలబెట్టి ఫోటోలు తీసి, సముద్రం అవతలివాళ్ళకు అమ్ముతాడు. ధర డాలర్లలో. అవతలివాడు ఇచ్చే అంకె మారదు. అది ఇక్కడికి చేరి మన డబ్బుగా మారేటప్పుడే పెరుగుతుంది, తరుగుతుంది. మన డబ్బు ఎంత పడితే అతని గల్లా అంత నిండుతుంది. వీధంతా పిండి ధరా పెట్రోలు ధరా చెప్పుకుని తల పట్టుకునే రోజున అతనొక్కడే లోలోపల ఈల వేసుకునేవాడు.

"ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట నీలాంటోడు" అని టీ కొట్టాయన దెప్పేవాడు.

"నిప్పు నేను పెట్టలేదుగా" అని అతను నవ్వేవాడు.

ఆ నవ్వు ఈ ఏడాది వరకూ బాగానే సాగింది.

ఆ వ్యాపారంలో ఒక కట్టుబాటుంది. గిటారు తెచ్చినవాళ్ళు దాన్ని బల్ల మీద పెట్టి, తమకెంత కావాలో చెబుతారు. దాన్ని బల్ల మీది మాట అంటారు. ఆ మాట మన డబ్బులోనే చెప్పాలి, ఒకసారి చెప్పాక మార్చకూడదు. పైన ఎంత వచ్చినా అమ్మిపెట్టినవాడిదే. తగ్గితే నష్టమూ వాడిదే. ఎప్పుడు అమ్మాలన్నదీ వాడి ఇష్టమే.

ఎండలు మొదలవుతున్న రోజుల్లో అక్క మొగుడు తన గిటారు తెచ్చి ఆ బల్ల మీద పెట్టాడు. స్టేషను పక్క హోటల్లో ఎన్నో ఏళ్ళు సాయంత్రాలన్నీ ఆ గిటారుతోనే గడిపినవాడు బావ. ఇప్పుడు ఎడమచేతి చివరి రెండు వేళ్ళూ ముడుచుకుపోయి, ఏదో దాచుకున్నట్టు విప్పుకోవడమే మానేశాయి. గిటారును ముందు వెల్లకిలా పెట్టాడు. మళ్ళీ ఏమనుకున్నాడో బోర్లా తిప్పాడు. దాని మొహం చూస్తూ బేరం చెప్పలేడు కాబోలు.

"మీ అక్కకి చెవి మిషను కొనాలిరా. ఈ రెండేళ్ళలో రెండు చెవులూ దాదాపు పోయాయి. మిషను ఖరీదు ఎంతో అంత ఇప్పించు చాలు. పైన వచ్చింది నువ్వే ఉంచుకో" అన్నాడు.

"అలా ఎందుకు బావా..."

"నీ దగ్గర కట్టుబాటు అదేగా. బావనని ధర్మం చేయకు."

ఆ రోజుకి మిషను ధర ఎంతో ఆ అంకె చెప్పాడు. బల్ల మీది మాట అయిపోయింది.

వారం తిరక్కుండానే గిరాకీ తగిలింది. అవతలి దేశంలో ఒక ముసలి గిటారు మాస్టారు. ఫోటోలో బొటనవేలు రాసుకుని అరిగిన చోటు చూసి, ఎవరో దీన్ని ప్రేమగా వాయించారు, నాకే కావాలి అని రాశాడు. అడిగిన ధరకు ఒప్పుకున్నాడు. పంపగానే డబ్బు వేస్తానన్నాడు. ఇక్కడ అతను తీగలు వదులు చేశాడు. దూరం పంపే గిటారుకు తీగలు బిగువుగా ఉంటే దారిలో మెడ విరుగుతుంది. అట్టపెట్టె కూడా కోసి పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున ఫోను చూస్తే డాలరు లేచింది. ఆ మర్నాడు ఇంకా లేచింది. ఇంకో వారం ఆగితే పోయేదేముంది అనుకున్నాడు. ఆ వారం మరో వారాన్ని కన్నది. మాస్టారికి చిన్న మరమ్మతు మిగిలిందని రాశాడు. బావకు ఇంకా ఎవరూ కుదరలేదన్నాడు. రెండు అబద్ధాలూ రెండు ఒడ్డులకు చెరొకటి పంచి, మధ్యలో అతను ఆటుపోట్లు చూసుకుంటూ కూర్చున్నాడు. గిటారు గోడకు వేలాడుతూ ఉండేది. లారీ పోయినప్పుడల్లా వదులు తీగలు ఒక మూలుగు మూలిగి ఊరుకునేవి.

బావ అప్పుడప్పుడూ వచ్చేవాడు. స్టూలు మీద కూర్చుని గోడకేసి చూసేవాడు. ముట్టుకునేవాడు కాదు.

"ఎవరైనా అడిగారా?"

"చూస్తున్నారు బావా."

"చూడనీలే. సంబంధాలు చూసినట్టే ఇదీనూ."

ఎండాకాలం పోయి వానలు పట్టుకున్నాక ఒక సాయంత్రం అక్క ఇంటికి వెళ్ళాడు. తలుపు తట్టి లాభం లేదు. కిటికీ దగ్గర చెయ్యి ఊపితే అక్క చూసి వచ్చి తలుపు తీసింది. స్టవ్ మీద ప్రెషర్ కుక్కరు కూత పెడుతూనే ఉంది. అక్క దాని పక్కన నిలబడి, ఆవిరికి అరచెయ్యి అడ్డం పెట్టి ఎన్ని కూతలయ్యాయో లెక్కపెట్టుకుంటోంది.

బావ అన్నం వడ్డిస్తూ అన్నాడు. "మిషను ధర పెరిగిందట. క్లినిక్కుకి వెళ్తే చెప్పారు. అది కూడా బయటి దేశం నుంచే వస్తుందట, డాలర్లలోనట. నేను నీకు చెప్పిన డబ్బు ఇప్పుడు చాలదు. మాట మార్చమని కాదులే. ఊరికే చెప్తున్నా."

అతను ఇన్నేళ్ళుగా ఆ ఒక్క అంకె మీద బతికినవాడు. ఆ గిటారు వెళ్ళాల్సిన సముద్రం మీదుగానే మిషను ఇటు రావాలన్న సంగతి ఒక్క పొద్దున కూడా అతనికి తట్టలేదు. తను ఈల వేసుకున్న ప్రతిరోజూ అక్క చెవులు ఇంకొంచెం దూరం జరిగాయి.

"నీకు మంచిదేగా, డాలరు లేస్తే" అన్నాడు బావ. ఆ మాటలో ఎక్కడా ముల్లు లేదు. అయినా గుమ్మడికాయల దొంగలా అతను భుజాలు తడుముకున్నాడు.

రేపే పంపేస్తాను అనుకుంటూ ఇంటికి వచ్చాడు. మర్నాడు డాలరు మళ్ళీ లేచింది. ఇంకొంచెం లేస్తే మిషనుకు తక్కువైందంతా నేనే వేయొచ్చు అని మనసు ఒక సాకు కుట్టి తొడిగింది. సాకు అతనికి సరిగ్గా సరిపోయింది.

సాకు ఇంకా ఒంటి మీద ఉండగానే అక్కకు దెబ్బ తగిలింది. మార్కెట్టు సందులో వెనక నుంచి ఒక సైకిలు గంట కొడుతూ, అరుస్తూ వచ్చింది. సందులో అందరూ తప్పుకున్నారు, ఆమె తప్ప. మణికట్టు విరిగింది.

ఆ రోజు అతను ఫోను చూడలేదు. గిటారును దించి, మెత్తటి గుడ్డలో చుట్టి, పెట్టెలో పెట్టి, పార్సిలు ఆఫీసుకు తనే మోసుకెళ్ళాడు. "ఏం డాలరూ, లేచావా?" అని టీ కొట్టాయన కేక వేస్తే తల తిప్పలేదు.

సాయంత్రం అక్క దగ్గరికి వెళ్ళాడు. బావ మందుల కొట్టుకు వెళ్ళాడట. అక్క కట్టు కట్టిన చెయ్యి గుండెకు ఆనించుకుని, రెండో చేత్తో గిన్నెలు కడుగుతోంది.

"ఇద్దరికీ కలిపి రెండు చేతులే మిగిలాయిరా. ఒకటి ఆయనది, ఒకటి నాది. కాపురం సరిపోయింది" అని నవ్వి మళ్ళీ సింకు వైపు తిరిగింది.

ఆ వీపు వైపు చూస్తూ అతను మాట్లాడటం మొదలుపెట్టాడు. మామూలు గొంతుతోనే. గిరాకీ ఎప్పుడు వచ్చిందో, ఎందుకు ఆపాడో, ఇద్దరికీ ఏమేం చెప్పాడో అంతా చెప్పాడు. పంపు నీళ్ళు పడుతూనే ఉన్నాయి. ఆమె తిరగలేదు. అయిపోయాక అతనికి ఒళ్ళు తేలికైంది. ఆ తేలికదనానికే తర్వాత దారి పొడుగునా సిగ్గుపడ్డాడు. వినలేని మనిషి వెనక నిలబడి చెప్పుకున్నది ఏం చెప్పుకోవడం? దొంగ తిరిగొచ్చి, ఖాళీ ఇంటికి దణ్ణం పెట్టిపోయినట్టుంది.

మాస్టారు డబ్బు వేశాడు. బల్ల మీది మాట బావకు ఇచ్చి, పైన మిగిలిందంతా క్లినిక్కులో కట్టేశాడు. పెరిగిన ధరకు అది ఇంచుమించు సరిపోయింది. సముద్రం దాటి వచ్చిన లాభం అదే సముద్రం దాటి వెళ్ళిపోయింది. అటూ ఇటూ పోగా మిగిలింది ఒక విరిగిన మణికట్టు.

మిషను తొడిగిన రోజు బావ ఫోను చేసి రమ్మన్నాడు. గుమ్మంలోనే అతని చేతులు పట్టుకున్నాడు. ఆ రెండు వేళ్ళూ ముడుచుకునే అతని అరచేతికి తగిలాయి.

"తక్కువైంది నువ్వు కట్టావని క్లినిక్కులో చెప్పారు. సొంత తమ్ముడైనా ఇంత చెయ్యడురా."

"నేను సొంత తమ్ముణ్ణే బావా."

"అదే అంటున్నా" అని బావ కళ్ళు తుడుచుకున్నాడు. అతను మెల్లగా చేతులు విడిపించుకున్నాడు. బావ టీ పెడతానని లోపలికి వెళ్ళాడు.

అక్క కిటికీ పక్కన కూర్చుని ఉంది. చెవి వెనక గోధుమరంగు మిషను, గింజంత. బయట వాన. ఆమె వానను వింటోంది.

"ఎంత గోల చేస్తుందిరా ఇది. మర్చేపోయాను" అంది. అతని వైపు తిరిగింది.

"నాకు దెబ్బ తగిలిన రోజు నా వెనక నిలబడి ఏదో చెప్పావు. బయట చీకటి పడిందిగా, వంటింటి కిటికీ అద్దంలో నీ నోరు కదలడం కనిపించింది. చాలాసేపు చెప్పావు. ఏడుస్తూ చెప్పావు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు."

అతను నేల చూశాడు.

"తిరిగి అడుగుదామనుకున్నా. నేను చూస్తే ఆపేస్తావేమోనని ఊరుకున్నా. ఇప్పుడు చెప్పు."

ఆమె చెయ్యి చెవి దగ్గరికి వెళ్ళింది. తీసేస్తుందేమోనని అతనికి ఒక్క క్షణం ఆశ కలిగింది. ఆమె మిషను మీది చిన్న చక్రాన్ని ఇంకొంచెం పైకి తిప్పింది.

వంటింట్లో కప్పుల చప్పుడవుతోంది. అతను గట్టిగా ఊపిరి పీల్చుకుని, రెండేళ్ళ అలవాటు కొద్దీ, గది అంతా వినిపించేలా అరిచాడు.

"బేరం మొదటి వారంలోనే కుదిరింది అక్కా!"

కప్పుల చప్పుడు ఆగిపోయింది.

"అరవక్కర్లేదురా" అంది అక్క. "వినపడింది."