కల్లంలో ఖండాలు

లూర్దమ్మ టీచరు మా ఊరి బడికి వచ్చిన మొదట్లో నాకు ఆవిడంటే గిట్టేది కాదు. ఎదురుపడిన మనిషినల్లా ఏదో ఒక ప్రశ్న అడిగేది. మా బావగారు బ్రహ్మయ్య కొత్త అంబాసిడర్ కారు కొని ఊరంతా తిప్పుకుంటుంటే, ఆపి మరీ ఇది ఎక్కడ తయారైందని అడిగింది. కొన్నది బెజవాడలో కాబట్టి ఆయన బెజవాడ అన్నాడు. కాదండీ, కలకత్తా దగ్గర ఉత్తరపారాలో అని చెప్పి చక్కా బడికి పోయింది. ఆయన చాలా రోజులు బడి ముందునుంచి కారు పోనివ్వలేదు.

టీచరు పుట్టిల్లు వీరులపాడు. శనివారం బడి కాగానే నందిగామ బస్సెక్కి గ్రంథాలయానికి పోయేది. పేపర్లు, లావుపాటి పుస్తకాలు అక్కడ మూసేదాకా చదివేది. మొగుడు సొలొమోను మా కల్లంలోనే పనిచేసేవాడు. "మా లూర్దుకి ఏ దేశమెక్కడుందో తెలుసుగానీ, ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలీదమ్మగారూ" అని మురిసిపోయేవాడు.

మా రెండో పిల్ల కమలాకుమారికి చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడింది. అయినా డిగ్రీ పాసయింది. బ్యాంకు పరీక్ష రాస్తే లెక్కలు, ఇంగ్లీషు గట్టెక్కాయి, జనరల్ నాలెడ్జి దగ్గర పోయింది. ఎనభై ఒకటిలో మళ్ళీ పరీక్ష పడింది. దాని వయసుకి అదే ఆఖరు అవకాశం. ఇదీ పోతే ఇక ఇంటిపట్టునే ఉండమని మా ఆయన జగన్నాథరావు తేల్చేశాడు. పిల్ల అన్నం ముందు కూచుని కంచంలో వేలు తిప్పుతుండేది. గిట్టకపోతేనేం, పిల్లకు చదువు చెప్పమని నేనే లూర్దమ్మ ఇంటికి పోయాను.

డబ్బు మాట ఎత్తనివ్వలేదు. ఒకటే అడిగింది.

"పొద్దున్నే మీ కల్లంలో చెప్తానండి. మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళు కూడా వింటారు. మీరు కసరకూడదు."

"వింటా వింటా చేతులాపితే?"

"ఆపితే అప్పుడు కసరండి."

మిరపకాయను పొద్దున ఎండకు పరుస్తాం. సాయంత్రం మంచు పడకుండా కుప్పచేసి బరకాలు కప్పుతాం. మర్నాడు మళ్ళీ పరుస్తాం. అది చూసి లూర్దమ్మ, ఎట్లాగూ రోజూ పరిచేదేగా, ప్రపంచంలాగా పరుద్దామంది. చీరకుచ్చెళ్ళు దోపుకుని ఆఫ్రికా ఒకచోట, ఆసియా ఒకచోట ఎర్రగా పరిచింది. తెల్లబడిన తాలుకాయంతా ఏరించి దక్షిణపు కొసన పోయించి, ఇది మంచు ఖండం అంది. మా ఆయన వచ్చి గుడ్లురిమాడు. ఇట్లా ముద్దలు ముద్దలుగా పోస్తే కాయ సమంగా ఎండుతుందా అన్నాడు.

"మధ్యలో సముద్రాలున్నాయిగదండీ, గాలాడుద్ది" అంది లూర్దమ్మ.

ఆయన పంపుసెట్టు దగ్గరికి పోయాడు. మన ఊరెక్కడని ఒక కూలామె అడిగితే, లూర్దమ్మ కాయ చిదిమి ఒక గింజ తీసి ఇండియాలో పెట్టింది.

సాయంత్రానికి ప్రపంచమంతా ఒకటే కుప్ప. పొద్దున్నే కమల దాన్ని మళ్ళీ పరవాలి. మొదట్లో ఏ దేశం పక్కన ఏ దేశమో తెలియక ఏడ్చేది. రానురాను కళ్ళు మూసుకుని పరిచేది. ఆ చేసేటప్పుడే మిగతావీ నడిచేవి. కృష్ణ ఎక్కడ పుట్టింది, జగ్గయ్యపేట కొండమీది స్తూపం చెక్కడాలు ఏ ఊరి మ్యూజియంలో ఉన్నాయి, అజంతా గుహల్లో బొమ్మలు ఎవరి కథలు, తెలుగులో ఆదికవి ఎవరు. రెండో తరగతి దాటని నాక్కూడా మద్రాసు మ్యూజియం నోటికొచ్చింది. ఒకరోజు మాత్రం ఒళ్ళు మండింది. మిరపకాయ అసలు మనది కాదట, పోర్చుగీసువాళ్ళు ఓడలో తెచ్చారట. మరి అంతకుముందు మనవాళ్ళు కారానికి ఏం నూరుకున్నారని లేచాను. మిరియాలండీ అంది, చెయ్యి ఆపకుండా.

పరీక్ష ఇంకో వారంలో ఉందనగా మబ్బు పట్టింది. మా ఆయన కాయంతా బస్తాలకెత్తించి గుంటూరు లారీ ఎక్కించాడు. కల్లం బోడిగా మిగిలింది. కమల గుమ్మంలో కూలబడి, అంతా మర్చిపోయానమ్మా అని ఏడుపు. నేను సొలొమోనుని కేకేసి లూర్దమ్మకు కబురంపాను.

ఆవిడ వచ్చి పిల్లను ఖాళీ కల్లంలోకి తీసుకుపోయింది.

"నేను పేరు చెప్తా. నువ్వెళ్ళి అక్కడ నిలబడు."

పెరూ అంటే పెరూకి, ఈజిప్టు అంటే ఈజిప్టుకి నా బిడ్డ కాలీడ్చుకుంటూ పోయి నిలబడింది. ఆడవాళ్ళు గట్టునుంచి చూస్తున్నారు. మడగాస్కర్ అనేసరికి ఆసియా వైపు పోయింది. లూర్దమ్మ తప్పనలేదు. కమల తనే వెనక్కి తిరిగి ఆఫ్రికా పక్కన నిలబడింది. చినుకులు మొదలయ్యాయి. ఎవరూ లోపలికి పోలేదు.

బెజవాడలో పరీక్ష రాసొచ్చి, బెంచీ కింద కాలు కదుపుకుంటూ రాశానమ్మా అంది. రాతపరీక్ష గట్టెక్కింది. ఇంటర్వ్యూ కూడా అయ్యాక కంచికచర్ల బ్రాంచిలో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. మా ఆయనే ఆ కబురు చెప్పడానికి బడికి పోయాడు.

కమల చేరిన కొద్దిరోజులకు లూర్దమ్మను వెంటబెట్టుకుని కంచికచర్ల పోయాను. బ్యాంకు గుమ్మంలోంచి చూస్తే లోపల నా బిడ్డ. ఒక ముసలి రైతుకు కాగితం మీద వేలుపెట్టి చూపిస్తూ, నెమ్మదిగా ఏదో చెబుతోంది.

"పిలవనా?" అన్నాను.

"వద్దండీ. పనిలో ఉంది. చూశాంగా."

చూసి వెనక్కి వచ్చేశాం. బస్సులో ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఏదో ఒక మంచిమాట చెబుదామని ఎన్నోసార్లు నోరు తెరిచాను. ఇంతమందిని తిట్టిన నోటికి ఆ మాట రాలేదు. నందిగామలో దిగేదాకా ఆ చెయ్యి వదల్లేదు. ఆవిడా వెనక్కి తీసుకోలేదు.