ట్యాంకులో కుళ్ళిన రొయ్య

ఢిల్లీ పక్కన వైశాలిలో మేం అద్దెకు దిగిన ఇల్లు అబద్ధంతో మొదలైంది. బ్రోకరు మెట్ల దగ్గరే ఆగి, కింద ఉండే ఓనరు ఆంటీ అడిగితే ప్యూర్ వెజ్ అని చెప్పండి, మిగతాది నేను చూసుకుంటాను అన్నాడు. అప్పటికి ఎన్ని ఇళ్ళు చూశామో లెక్కలేదు. కాళ్ళు పీకుతున్నాయి. మెట్రో దగ్గర, స్కూలు దగ్గర, గదుల్లోకి ఎండ వస్తోంది. చెప్పేశాను. అప్పుడు ఏడేళ్ళున్న మా అమ్మాయిని కూడా కూర్చోబెట్టి నేర్పించాను, ఎవరైనా అడిగితే మనం గుడ్డు కూడా ముట్టుకోమని. చెప్పింది ఎవరో తెలుసా? గోదావరి సముద్రంలో కలిసే చోట నలభై ఏళ్ళుగా వేటకెళ్తున్న మనిషి కూతురు. మా వైపు వేట అంటే చేపల వేటే. నా స్కూలు ఫీజులు, కాలేజీ పుస్తకాలు, ఢిల్లీ ఉద్యోగానికి రైలెక్కిన రోజు వేసుకున్న కొత్త చెప్పులు, అన్నీ మా నాన్న వల లోంచి వచ్చినవే.

రెండేళ్ళలో ఆ ఇంట్లో ఒక్కసారి మెత్తళ్ళు వేయించాను. తలుపు కింద తడి తువ్వాలు కుక్కి, కిటికీలు బిగించి, సాంబ్రాణి పొగ వేసి, ముగ్గురం దొంగల్లా తిన్నాం. ఆ తర్వాత చేప తినాలనిపిస్తే ఆదివారం కంటోన్మెంట్‌లో ఉన్న మా ఊరి మిలిటరీ ఆయన వాళ్ళింటికి వెళ్ళేవాళ్ళం.

ఒకరోజు హిందీ టీచరు తాతగారి గురించి పది వాక్యాలు రాసుకు రమ్మంది. మా అమ్మాయి రాసింది చదివాను. "మేరే నానా కిసాన్ హైఁ", మా తాత రైతు అని మొదలుపెట్టింది. మా నాన్నకు గోధుమ పొలం ఉందట, ట్రాక్టరు ఉందట. కోపం నెత్తికెక్కింది. ఇలా ఎందుకు రాశావని గట్టిగా అడిగాను.

"కింద ఆంటీ మనవరాలు మేరీ క్లాస్ మే హై కదా మమ్మీ. చెప్పేస్తుంది," అంది.

భయపడుతూ కూడా అనలేదు. రేపు సెలవు అన్నంత మామూలుగా అంది. నేను నేర్పిన పాఠం దానికి నాకంటే బాగా వచ్చేసింది. ఇంకొన్నాళ్ళు పోతే తాత ఏం చేస్తాడో దాచడం కాదు, తాతనే దాచేస్తుందని భయమేసింది.

సముద్రపు చేపల్ని ఇంట్లో పెట్టాలన్న పంతం ఆ రోజే పుట్టింది. ఇంట్లో చేప ఉన్నా సిగ్గుపడక్కర్లేదని దానికి కనబడాలి. మా ఆయన గోల్డ్‌ఫిష్ పెట్టుకుందాం, ఉప్పునీళ్ళ ట్యాంకు డబ్బున్నవాళ్ళ సరదా అన్నాడు. నేను వినలేదు. గ్రేటర్ నోయిడాలో చదువైపోయి ఊరెళ్ళిపోతున్న ఒక విద్యార్థి పాత ట్యాంకు, ఫిల్టరు, హీటరు కలిపి చవగ్గా ఇచ్చాడు. పరుపు మీద పడుకోబెట్టి ఛోటా హాథీ బండిలో తెచ్చుకున్నాం. బోరు నీళ్ళు పనికిరావు కాబట్టి వంటింటి ఆర్‌ఓ నుంచి బిందె తర్వాత బిందె నాలుగు రోజులు పట్టాం. ట్యాంకులకని అమ్మే సముద్రపు ఉప్పు మాత్రం కొనక తప్పలేదు. సముద్రం ఒడ్డున పుట్టి సముద్రాన్ని ప్యాకెట్లో కొనుక్కుంటున్నానని దాని మీద కూడా కోపమొచ్చింది.

ఆంటీ ఒప్పుకోదనుకున్నాను. ఆవిడ మురిసిపోయింది. ఇంట్లో చేపలుంటే శుభమట. ఈశాన్యం మూల పెట్టమని ఆవిడే వచ్చి వేలితో చూపించింది.

ప్యాకెట్ మీద కొలత రాసి ఉంది. నేను చూస్తేగా. ఉప్పు కలిపి, వేలు ముంచి, నాలుక మీద పెట్టుకుని, ఇదే మా సముద్రం, చాలు అన్నాను. తీరా ఉప్పు కొలిచే గొట్టం తెచ్చి ముంచితే ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేదు. చేపల షాపాయనకి చెబితే, "మేడమ్, సముందర్ కభీ దేఖా హై?" అని నవ్వాడు. ఎప్పుడైనా సముద్రం చూశావా అని నన్ను, ఒక ఢిల్లీవాడు. ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చాక అర్థమైంది. నేను రుచి చూస్తూ పెరిగిన సముద్రంలో సగం గోదావరే. తప్పు నాదేనని ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది.

ఇంకో సంగతి కూడా ఆ షాపాయనే చెప్పాడు. కొత్త నీళ్ళలో చేపల్ని వెంటనే వేస్తే చచ్చిపోతాయి. వాటి మురికిని తినే సూక్ష్మజీవులు ముందు పెరగాలి. అందుకు సీసాలో మందుంది, ఖరీదెక్కువ. అంత పెట్టలేకపోతే ఒక పచ్చి రొయ్య వేసి కుళ్ళనివ్వండి, నెల పడుతుంది, అంతే అన్నాడు.

మార్కెట్లో ఒక్క రొయ్య అడిగితే అమ్మేవాడు నన్ను ఎగాదిగా చూసి ఊరికే ఇచ్చాడు. సంచిలో కొత్తిమీర కట్ట కింద పెట్టుకుని, ఆంటీ గుమ్మం ముందు నుంచి మెట్లెక్కాను. వేయించి నా పిల్ల కంచంలో పెట్టడానికి వీల్లేని రొయ్యని ట్యాంకులో వేసి కుళ్ళబెట్టాను.

ఐదో రోజుకు వాసన గదంతా పట్టింది. ఆంటీ పైకి వచ్చింది. తలుపు తీశాను. ఇదేం వాసనంది. ట్యాంకు ఆంటీ అన్నాను. అచ్ఛా, చేపల ఇల్లు కదా, ఆ మాత్రం వస్తుందిలే అని నవ్వి దిగిపోయింది. అదే వాసన మా వంటింట్లోంచి వచ్చుంటే ఆ సాయంత్రమే సామాను రోడ్డు మీద ఉండేది. వంటింట్లోకి వెళ్ళి చేతికందిన స్టీలు గిన్నె నేలకేసి కొట్టాను. దానికి పడిన సొట్ట ఇప్పటికీ ఉంది.

నెల దాటాక నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న చేపలు రెండు తెచ్చాం. మా అమ్మాయి వాటికి అంటుకుపోయింది. వేడి చూడటం, ఉప్పు చూడటం, మేత వెయ్యడం అన్నీ తనే. ఆంటీ వచ్చినవాళ్ళనల్లా పైకి తీసుకొచ్చి చూపించేది, ట్యాంకు ఆవిడే పెట్టినట్టు. ఒక ఆదివారం తన ఆడపడుచును తెచ్చింది. మా అమ్మాయి ట్యాంకు సంగతులన్నీ హిందీలో గడగడా చెబుతుంటే ఆవిడ ముచ్చటపడి, మీ ఇంట్లో సముద్రం గురించి తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగింది.

పిల్ల ఆగిపోయి నా వైపు చూసింది. ఈవిడకు ఏ అబద్ధం చెప్పమంటావు అని అడుగుతున్నట్టు చూసింది. ఈలోగా ఆంటీ అందుకుని, వీళ్ళు శుద్ధ శాకాహారులు, చేపల్ని పిల్లల్లా పెంచుకుంటారు అంది.

"మా నాన్న చేపలు పడతాడు ఆంటీ," అన్నాను. "మేం చేపలు తింటాం. మీకు అబద్ధం చెప్పి ఇల్లు తీసుకున్నాం."

ఆంటీ అరవలేదు. మర్నాడు పొద్దున వచ్చి నెలాఖరుకు ఖాళీ చెయ్యమంది. అబద్ధమాడారు అని ఉంటే తల వంచుకునేదాన్ని, నిజమే కాబట్టి. ఆ మాటే ఎత్తలేదు. ఆ మూలన ట్యాంకు పెట్టాక ఇంటికి బాగా కలిసొచ్చింది, అది వదిలేసి వెళ్తే డబ్బిస్తాను అంది. చేపలు కావాలి, చేపలు పట్టేవాడి కూతురు వద్దు. ఇవ్వనని చెప్పి ఆవిడ ముఖం మీదే తలుపేశాను.

మా అమ్మాయి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు, "చెప్పొద్దన్నదీ నువ్వే, చెప్పేసిందీ నువ్వే," అని ఏడ్చింది.

కొత్త ఇల్లు దొరికింది. సామాను సర్దుతుంటే అది నా ఫోను తీసుకుని తనంతట తనే మా నాన్నకి చేసింది. ఎప్పుడూ బాగున్నావా, బాగున్నాను అని నాకిచ్చేసేది. ఆ రోజు ఇవ్వలేదు.

"తాతా, చేపలు చచ్చిపోకుండా ఇంకో ఇంటికి ఎలా తీసుకెళ్ళాలి?"

ఫోను స్పీకర్లో పెట్టి ఉంది.

"నాకు తెలీదమ్మా," అన్నాడు మా నాన్న. "పట్టడమే గానీ బతికించడం ఎప్పుడూ చెయ్యలేదు."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "మరి ఎలా పడతావు?" అంది. ఆయన మొదలుపెట్టాడు, తెల్లారకముందే బోటు ఎలా తోస్తారో, వల ఎప్పుడు వదులుతారో. అర్థం కాని చోటల్లా అది ఆపి మళ్ళీ చెప్పించుకుంటోంది. నేను గిన్నెలు పేపర్లో చుడుతూ విన్నాను. తాతని ఆ ప్రశ్న అడగడానికి నా కూతురికి తొమ్మిదేళ్ళు పట్టింది. ఇన్నాళ్ళూ దాని నోరు నొక్కింది ఆంటీ కాదు.