ఆరో సీసాకు ఆరు ముడులు

నేను మనుషుల్నే ఒక పట్టాన నమ్మను. ఇక దెయ్యాల సంగతి చెప్పేదేముంది? ఇది మాత్రం నా చేతుల్లో జరిగింది.

ఎనభైల మొదట్లో విశాఖలో పరిశోధన చేసేవాణ్ణి. తెల్లారకముందే ఫిషింగ్ హార్బరుకు వెళ్లి సొరచేపల కాలేయాలు తెచ్చి, నూనె తీసి, అందులో ఏయే కొవ్వులున్నాయో చూడటం నా పని. మా స్టోర్ కీపరు నన్ను "సేపల డాక్టరు" అనేవాడు. అది నేను మరిచిపోలేదు.

అణువును ముక్కలు చేసి, ఆ ముక్కల బరువును కాగితం మీద గీతలుగా చూపించే మాస్ స్పెక్ట్రోమీటరు మా దగ్గర లేదు. హైదరాబాదులో ఉండేది. దాని మీద ఒక్క పూట దొరకడానికి ఎనిమిది నెలలు ఆగాను. అది పోతే నా థీసిస్ మరో ఏడాది వెనక్కి.

మా ల్యాబ్ అటెండరు అప్పలస్వామి జాలరి కుటుంబంవాడు. నూనెల్ని క్లోరోఫారంలో కరిగించి చిన్న సీసాల్లో పోసేవాళ్లం. అది కారితే పైనున్న సిరా రాత తుడిచిపెట్టుకుపోయేది. అందుకని ఆయన సీసా మెడకు వలదారం కట్టి, నంబరుకు తగినన్ని ముడులు వేసేవాడు. నైలాను దారం విడిపోకుండా కొసను అగ్గిపుల్లతో కాల్చి నొక్కేవాడు.

పక్కనే ఇట్టే అంటుకునే ఈథర్ సీసాలు! ప్రొఫెసరుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాను. అప్పలస్వామి రెండు వారాలు నాతో మాట్లాడలేదు. మూడో వారం తనే నెత్తళ్ల పులుసు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"తిను బాబూ. కాయితాలు రాసీ రాసీ సిక్కిపోనావ్. నీ రాత ఎల్లిపోద్ది గానీ నా ముడి ఎల్లదు."

"ముందు ఆ అగ్గిపెట్టె మానెయ్ తాతా."

"ఏటి, మళ్లీ కాయితం రాత్తావా?"

ఆ వానాకాలం జ్వరమొచ్చి అప్పలస్వామి పోయాడు. మరుసటి నెలలోనే హైదరాబాదు మెషీను మీద నా వంతు వచ్చింది.

మొండితనం నాది. సీసాల మీద పెన్నుతోనే అంకెలు వేశాను. ఐదింటిలో నూనెలు, ఆరోదానిలో సరిపోల్చుకోవడానికి కొన్న కొలెస్టరాల్. నేనే డబ్బాలో సర్ది, తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకున్నాను. రైల్లో డబ్బా నా ఒళ్లోనే ఉంది. సర్దినప్పుడు ఏ సీసాకూ దారం లేదు.

హైదరాబాదులో పట్టపగలు, ఆపరేటరు ఎదుటే తెరిచాను. సీసాలు కారాయి. ఒక్క అంకె మిగల్లేదు. నా ప్రాణం పోయినంత పనైంది.

కానీ ప్రతి సీసా మెడకూ వలదారం ఉంది. ఒకటి నుంచి ఆరు దాకా ముడులు.

వేరే దారి లేక, ఆరు ముడుల సీసాను ముందు ఎక్కించమన్నాను. కాగితం మీద 386 దగ్గర గీత నిటారుగా లేచింది. కొలెస్టరాల్ బరువది. మిగిలిన ఐదింటినీ తర్వాత విశాఖలో దాచిన నూనెలతో పోల్చి చూశాను. ఒక్కటీ తప్పలేదు.

ఎవరు కట్టారు, ఎప్పుడు? స్టోర్ కీపరును కూడా అనుమానించాను. కానీ తాళంచెవి నా జేబులోంచి కదల్లేదు. ఇన్నేళ్లయినా నాకు సమాధానం దొరకలేదు.

ఆ దారాలు ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి. ఆరింటి కొసలూ కాల్చి నొక్కి ఉన్నాయి. ఈసారి నేను ఫిర్యాదు రాయలేదు.