దీపాల వేళ చావనన్న ఈరన్న

మొన్న ఫోన్లో ఒక జపాన్ హాస్య సినిమా చూశాను. లైవ్ రేడియో నాటకంలో నటులు కథను తలా ఒక దిక్కుకు లాక్కుపోతారు. పక్కన మా పిల్లలు పడీపడీ నవ్వుతుంటే నాకు పన్నెండేళ్ల కిందటి ఆదోని గుర్తొచ్చింది.

అప్పుడు నేను బీఈడీ చదువుతూ ఊళ్లోని చిన్న రేడియో కేంద్రంలో నాటకాలు వేసేదాన్ని. ఆ రోజు సాయంత్రం ఆరింటికి లైవ్. నాటకంలో నా భర్త వేషం ఎమ్మిగనూరులో మగ్గం నేసే ఈరన్నది. పాము కరిచి అతను చనిపోవాలి. నేను ఐదు నిమిషాలు శోకాలు పెట్టాలి.

తీరా ఆ ఘట్టం రాగానే ఈరన్న మైకును చేత్తో మూసి, "దీపాలు పెట్టే యాళ సచ్చిపోతాండానని ఎట్ల సెప్పేదక్కా? తథాస్తు దేవతలుంటారు. ఆడ మాయమ్మ ఇంటాంది" అని గుసగుసలాడాడు. వెంటనే చెయ్యి తీసి, "నాకేం కాలేదే! ఇసం దిగిపోయింది!" అనేశాడు.

అద్దం అవతల నాటకం రాసిన మాస్టారు తల పట్టుకున్నారు. నేను మైకు ముందుకు జరిగాను. నోటికొచ్చింది శోకమొక్కటే. ఆ రాగంలోనే, "సేనికి పోతే సెప్పులేసుకోమంటే ఇన్నావా" అంటూ ఐదు నిమిషాలూ మొగుణ్ని తిట్టిపోశాను.

మర్నాడు ఈరన్న వాళ్లమ్మ మాకందరికీ బొరుగులతో ఉగ్గాని చేసి తెచ్చింది. తెచ్చి మాస్టారిని నిలదీసింది. "నా కొడుకు సచ్చేది ఇని ఏడుద్దామని ఈదోళ్లనంతా పిలిచి కూసోబెట్టుకున్యా. వాణ్ని ఎందుకు బతికించినావప్పా?"

ఆ కేంద్రం ఇప్పుడు లేదు. పోయినేడు ఆ అవ్వా పోయింది. పలకరించడానికి వెళితే ఈరన్న కళ్లు తుడుచుకుంటూ అన్నాడు: "ఆపొద్దు సచ్చింటే బాగుండేదక్కా. మాయమ్మ ఎంత సంతోసపడేదో!"